బోర్డు ఎక్కడ పెడతారో ముందే అడగండి

వీధిలో కొత్త వాణిజ్య భవనం లేవబోతోందంటే, పునాది తవ్వకముందే దాని రూపాన్ని నలుగురూ చూసి మాట్లాడాలన్న పద్ధతి నాకు పూర్తిగా సమ్మతం. లోపలి గదులు యజమాని ఇష్టం. వీధి వైపు గోడ మాత్రం ఆ దారిన పోయే అందరి కళ్లెదుటా కొన్ని తరాలు నిలబడుతుంది. దాని మీద డబ్బు పెట్టినవారికి హక్కున్నట్టే, రోజూ దాన్ని చూడక తప్పనివారికీ కొంత హక్కుంటుంది. ఊరు ఆరోగ్యంగా ఉండాలని కోరినట్టే అందంగా ఉండాలనీ చట్టసభ కోరవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1954లోనే తీర్పు చెప్పింది. మన దగ్గర రాజధానిలో భవన నమూనాలను పరిశీలించే ఢిల్లీ అర్బన్ ఆర్ట్ కమిషన్ కోసం పార్లమెంటు 1973లో ప్రత్యేకంగా చట్టమే చేసింది. సమీక్ష ఉండాలా వద్దా అన్న చర్చ ఎప్పుడో తేలిపోయింది.

నా పేచీ అది కాదు. భవనాలు గీయడం, ఆ డ్రాయింగులను సమీక్షా సంఘాల ముందు పరిచి ఒప్పించడం నా వృత్తి. ఇన్నేళ్లలో నాకు గట్టిపడిన అభిప్రాయం ఏమిటంటే, ఈ సంఘాలు తమ సమయంలో ఎక్కువ భాగాన్ని ఎవరూ తల ఎత్తి చూడని చోట ఖర్చుపెట్టి, వీధిని నిజంగా మార్చేసే వస్తువును గుమాస్తా బల్ల దగ్గరికి పంపేస్తున్నాయి. ఆ వస్తువు దుకాణం బోర్డు.

సమావేశం ఎలా సాగుతుందో చెబుతాను. బల్ల మీద ఎలివేషన్ డ్రాయింగు ఉంటుంది. భవనం మొత్తం చదునుగా, నేల నుంచి పైకప్పు దాకా ఒకేసారి కనబడేలా గీసిన బొమ్మ. నిజమైన వీధిలో ఏ మనిషీ అలా చూడలేడు. ఎదురుగా రోడ్డు, చెట్లు, బస్సులు ఉంటాయి. చూపు నిటారుగా పైకి పోదు, ఏటవాలుగా జారుతుంది. అయినా ఆ బొమ్మనే ముందు పెట్టుకుని మూడో అంతస్తు కిటికీల లయ గురించీ, పైకప్పు అంచు పట్టీ మందం గురించీ, గోడ రంగు ఇసుక ఛాయా దంతపు ఛాయా అన్న దాని గురించీ గంటలు గడుస్తాయి. చేతిలో రంగుల ముక్కలు తిరుగుతాయి. ఇంత చర్చలోనూ గ్రౌండ్ ఫ్లోర్ తలుపుల పైన బూడిద రంగులో ఒక ఖాళీ చతురస్రం ఉంటుంది. పక్కన చిన్న అక్షరాలతో 'బోర్డు: ప్రత్యేక అనుమతి' అని రాసి ఉంటుంది. దాని గురించి ఎవరూ అడగరు.

భవనం పూర్తయ్యాక అద్దెదారు వస్తాడు. అతను బోర్డుకు వేరే దరఖాస్తు పెట్టుకుంటాడు. అది ఇంకో విభాగానికి వెళుతుంది. అక్కడ చూసేది పొడవు, వెడల్పు, రుసుము. లెక్క సరిపోతే ముద్ర పడుతుంది. అలా నాలుగు దుకాణాలు నాలుగు ఎత్తుల్లో నాలుగు పెట్టెలు బిగిస్తాయి. ఏ ముఖభాగం గురించి సంఘం అంతసేపు వాదించిందో, అది ఆ పెట్టెల వెనక్కి పోతుంది. ఏసీ యూనిట్లు మిగిలిన ఖాళీల్లోకి ఎక్కుతాయి. సంఘం ఆమోదించిన భవనం కాగితం మీదే మిగిలిపోతుంది.

ఇందులో కుట్రేమీ లేదు. డ్రాయింగులు గీసే నాటికి అద్దెకు వచ్చేదెవరో తెలియదు. భవనానికి ఒక చట్టం, బోర్డుకు మరో చట్టం. ఒకదాన్ని ప్లానింగ్ వాళ్లు చూస్తారు, మరొకదాన్ని పన్నులో లైసెన్సులో చూసేవాళ్లు చూస్తారు. అద్దెదారు పేరు తెలియకపోయినా అద్దెదారు ఉంటాడనీ, అతనికి బోర్డు కావాలనీ మాత్రం అందరికీ తెలుసు. దుకాణాల భవనం కడుతూ బోర్డుకు చోటు చూపించకపోతే ఆ నమూనా పూర్తి కానట్టే. అసంపూర్ణమైన నమూనాను సంఘం వెనక్కి పంపాలి.

చోటు చూపించడమంటే పెద్ద పనేమీ కాదు. తలుపుల పై అంచుకూ మొదటి అంతస్తు స్లాబుకూ మధ్య రెండు మూడడుగుల పట్టీ వదలాలి. అది దుకాణాలన్నింటికీ ఒకే ఎత్తులో సాగాలి. ఆ పట్టీ వెనక కరెంటు పాయింటు ముందే ఇవ్వాలి. బోర్డు బిగించడానికి ఒక లోహపు చట్రం గోడలోనే అమర్చి ఉంచాలి. ఈ ఆఖరిదాన్ని చాలామంది పట్టించుకోరు. అయిదారేళ్లయిన ఏ వాణిజ్య భవనం దగ్గరికైనా వెళ్లి తలుపు పైన గోడను దగ్గరగా చూడండి. ఖాళీ చేసి వెళ్లిన ప్రతి దుకాణమూ అక్కడ తన గుర్తు వదిలి ఉంటుంది. రాతి పలకలో డ్రిల్లుతో తొలిచిన రంధ్రాలు, వాటిలో విరిగి మిగిలిన బోల్టులు, ప్రతి వానకూ బోల్టు నుంచి కిందికి కారి ఎండిన తుప్పు చార. పాత అక్షరాల ఆకారంలో ఎండ తగలని గోడ కొత్తగా మెరుస్తుంటుంది. ఆ మరకలు కప్పడానికి కొత్తగా వచ్చినవాడు ఇంకా పెద్ద బోర్డు పెడతాడు. ఒక చట్రం ముందే ఉండి ఉంటే ఇదంతా జరిగేది కాదు. సంఘం అడగాల్సింది ఇలాంటివి.

పెద్ద బోర్డు లేకపోతే వ్యాపారం ఎలా నడుస్తుందని వ్యాపారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జవాబు చిన్న లెక్కలో ఉంది. అమెరికా రోడ్ల సూచిక ఫలకాలకు వాడే కొలత ప్రకారం, అంగుళం ఎత్తున్న అక్షరాన్ని దాదాపు ముప్పై అడుగుల దూరం నుంచి చదవవచ్చు. అరవై అడుగుల రోడ్డుకు అవతల నిలబడ్డ మనిషికి రెండంగుళాల అక్షరం అందుతుంది. వయసు, చీకటి, తొందర అన్నీ కలుపుకుని మూడింతలు పెంచినా ఆరంగుళాలు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు డ్రైవరుకు అడుగు ఎత్తు అక్షరం 360 అడుగుల ముందే కనబడుతుంది, అంటే చదవడానికి దాదాపు ఎనిమిది సెకన్లు దొరుకుతాయి. ఊళ్లో వీధికి అంతకన్నా ఏం కావాలి? నాలుగడుగుల అక్షరాలు పెట్టేది చదివించడానికి కాదు, పక్క దుకాణం అక్షరాలు మూడడుగులు కాబట్టి. ఒకరు పెంచితే పక్కవారు పెంచక తప్పదు. అందరూ పెంచాక ఎవరికీ ఒరిగేదేమీ ఉండదు, వీధి మాత్రం పాడవుతుంది. అందరికీ ఒకే పరిమితి పెట్టడమంటే ఆ పోటీ ఖర్చు నుంచి అందరినీ ఒకేసారి బయటపడేయడం.

బ్రెజిల్‌లోని సావో పాలో నగరం ఈ పని ఎవరూ ఊహించనంత గట్టిగా చేసింది. మేయర్ జిల్బెర్తో కసాబ్ హయాంలో 2006లో చేసిన 'పరిశుభ్ర నగరం' చట్టం 2007 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. సుమారు 15,000 హోర్డింగులు దిగాయి. దుకాణం బోర్డులకు ముఖభాగం వెడల్పును బట్టి కొలత పెట్టారు. పది మీటర్ల లోపు వెడల్పుంటే బోర్డు ఒకటిన్నర చదరపు మీటర్లు దాటకూడదు. పది నుంచి వంద మీటర్ల దాకా నాలుగు చదరపు మీటర్లు. ఈ నిబంధనలో అందం గురించి ఒక్క మాట లేదు చూడండి. టేపు ఉంటే చాలు, ఎవరైనా కొలుచుకోవచ్చు. అధికారి అభిరుచికి అందులో చోటు లేదు.

అక్కడ ఇంకో సంగతి బయటపడింది. బోర్డులు దిగాక వాటి వెనక గోడలు ఎలా ఉన్నాయో నగరం చూసింది. పెచ్చులూడిన సున్నం, చిందరవందర తీగలు, దశాబ్దాలుగా పట్టించుకోని ముఖభాగాలు. ఎవరికీ కనబడనప్పుడు గోడను బాగుచేయాలని యజమానికి అనిపించదు. బోర్డునూ భవనాన్నీ విడివిడిగా చూడకూడదని నేను పట్టుబట్టడానికి ఇదే కారణం. ఒకటి చెడితే రెండోది చెడుతుంది.

అలాగని ప్రతి వీధీ నిశ్శబ్దంగా ఉండాలనేది నా కోరిక కాదు. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో కొత్త ఆఫీసు టవర్లు లేస్తున్న కాలంలో, 1987లో, అక్కడి భవనాల మీద వెలిగే ప్రకటనలు తప్పనిసరిగా ఉండాలని జోనింగ్ (ఏ ప్రాంతంలో ఏం ఎలా కట్టాలో చెప్పే) నిబంధన తెచ్చారు. ఎంత వెలుగు ఉండాలో కొలిచే పద్ధతి కూడా పెట్టారు. దీపాలే ఆ చౌరస్తా ప్రాణమని గుర్తించి చేసిన పని అది. నాకది నచ్చుతుంది. సావో పాలో తగ్గించమంది, టైమ్స్ స్క్వేర్ పెంచమంది, కానీ రెండు చోట్లా తమ వీధికి ఏం కావాలో ముందు తేల్చుకుని, దాన్ని కొలవగలిగే నిబంధనగా రాశారు. కష్టమంతా ఆ తేల్చుకోవడంలోనే ఉంది. చాలాచోట్ల దాన్ని తప్పించుకుని, భారమంతా సమీక్షా సంఘం సభ్యుల ఇష్టాయిష్టాల మీద మోపుతారు.

దాని ఫలితం ఎలా ఉంటుందో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఇసాక్వా ఊరి కథ చెబుతుంది. ఒక స్థలం యజమాని అక్కడి గిల్మన్ బులవార్డ్ మీద కొన్ని దుకాణాలు పట్టే భవనం కట్టాలనుకున్నాడు. భవనాలు పరిసరాలతో సామరస్యంగా, ఆసక్తికరంగా ఉండాలనీ, మార్పులేని రూపం కూడదనీ నిబంధనల్లో రాసి ఉంది. అతను నమూనా తెచ్చాడు, సంఘానికి రంగు నచ్చలేదు. రంగు మార్చాడు, అదీ నచ్చలేదు. ముఖభాగానికి ఇటుక చేర్చాడు. అయినా ఒప్పుకోలేదు. మరి ఏం కావాలని అడిగితే, ఆ రోడ్డు మీద అటూ ఇటూ తిరిగి మంచి భవనాలూ చెడ్డ భవనాలూ చూసి రమ్మన్నారు. ఏవి మంచివో ఏవి చెడ్డవో నిబంధనల్లో ఎక్కడా లేదు. చివరికి అనుమతి నిరాకరించారు. 1993లో అప్పీలు కోర్టు ఆ నిబంధనలు అర్థం చేసుకోవడానికి వీల్లేనంత అస్పష్టంగా ఉన్నాయని కొట్టేసింది, భవనానికి అనుమతి ఇవ్వమంది.

ఆ తీర్పు నమూనా సమీక్షకు గొడ్డలిపెట్టని నా తోటివారు కొందరంటారు. నాకు మాత్రం సమీక్షకు దొరికిన గొప్ప రక్షణ అదేననిపిస్తుంది. దరఖాస్తుదారు ఇంట్లో కూర్చుని నిబంధన చదివి, తన భవనం నెగ్గుతుందో లేదో ముందే చెప్పగలగాలి. అది కుదరకపోతే అక్కడ నడిచేది చట్టం కాదు, ఆ రోజు కుర్చీల్లో ఉన్నవారి మనసు. అలా నడిచే సంఘాన్ని జనం గౌరవించరు, తప్పించుకునే దారులు వెతుకుతారు.

అభిరుచి మీద నడిచిన సంఘాలు గెలిచిన సందర్భాలూ ఉన్నాయి, కాదనను. అమెరికాలోని దక్షిణ కరోలినాకు చెందిన చార్లెస్టన్ 1931లోనే పాతబస్తీని కాపాడే జోనింగ్ తెచ్చి, భవన నమూనాల సమీక్షా సంఘాన్ని నియమించింది. 1925 భూకంపంలో కూలిన కాలిఫోర్నియా ఊరు సాంటా బార్బరా స్పానిష్ ధోరణి సున్నపు గోడలతో, ఎర్ర పెంకులతో తిరిగి లేచింది. అక్కడ అందరూ ఒప్పుకున్న పాత రూపం ఒకటి కళ్లెదుట ఉంది. సభ్యులు మారినా కొలబద్ద మారలేదు. మామూలు వాణిజ్య వీధికి అలాంటి వారసత్వం ఉండదు. లేనిదాన్ని సృష్టించబోయి కాంక్రీటు డబ్బాకు ఉత్తుత్తి కమానులు అతికించడం, చదును కప్పు అంచున రెండడుగుల పెంకుల వరస వేలాడదీయడం నాకు చాలా బాధ కలిగించే పని. ఆ కమాను బరువు మోయదు, ఆ పెంకు వాన ఆపదు. సంఘం ఒప్పుకుంటుందని గీస్తారు, సంఘం ఒప్పుకుంటుంది, అందరూ అబద్ధానికి సంతకం పెడతారు.

పెద్ద గొలుసు సంస్థల (చైన్ స్టోర్ల) ముందు స్థానిక సంఘాలు చాలా తొందరగా చేతులెత్తేస్తాయి. 'ఇది మా కంపెనీ రంగు, ప్రపంచమంతా ఇదే' అనగానే నోరు మూతపడుతుంది. మూతపడనక్కర్లేదు. అరిజోనాలోని సెడోనాలో ఎర్రకొండల ముందు పసుపు రంగు కొట్టొచ్చినట్టు కనబడుతుందని పట్టుబడితే, 1993లో తెరిచిన మెక్‌డొనాల్డ్స్ తన పసుపు కమానులను నీలం, ఆకుపచ్చ కలిసిన టర్కాయిస్ రంగులోకి మార్చుకుంది. అమెరికాలోనే మెయిన్ అనే రాష్ట్రంలోని ఫ్రీపోర్ట్‌లో అదే సంస్థ 1984లో పంతొమ్మిదో శతాబ్దపు పాత ఇంట్లో దుకాణం పెట్టింది. జపాన్‌లోని క్యోటో 2007లో కొత్త నిబంధనలు తెచ్చి నగరమంతటా పైకప్పుల మీద ప్రకటనలనూ మిణుకుమిణుకుమనే దీపాలనూ నిషేధించింది. అందువల్ల పెద్ద సంస్థలు ఆ నగరాన్ని విడిచిపోయాయని నేను వినలేదు. కొనేవారున్న చోటును రంగు కోసం వదులుకునే వ్యాపారి ఉండడు. ఈ సంగతి వారికి తెలుసు, సంఘాలకే తెలియడం లేదు.

బోర్డు మీద ఏం రాశారన్నది మాత్రం సంఘం ముట్టుకోకూడదు. అరిజోనాలోని గిల్బర్ట్ ఊళ్లో రాజకీయ బోర్డుకు 32 చదరపు అడుగుల దాకా, భావప్రచార బోర్డుకు 20 దాకా అనుమతి ఉండేది. ఫలానా కార్యక్రమానికి దారి చూపే బోర్డుకు మాత్రం ఆరే. ఒక చిన్న చర్చి తన ఆదివారపు ప్రార్థనకు దారి చూపే బోర్డుల కోసం కోర్టుకెక్కింది. 2015లో సుప్రీంకోర్టు ఆ తేడాలను ఏకగ్రీవంగా కొట్టేసింది. ఎంత పెద్దది, ఎంత ఎత్తున, ఎంత వెలుగుతో, ఎన్నింటి దాకా అన్నవి ఊరు అడగవలసినవి. వెలుగు మరీ ముఖ్యం. పట్టపగటి ఎండలో కనబడటానికి ఎల్‌ఈడీ తెరకు వేల నిట్ల (తెర వెలుగును కొలిచే ప్రమాణం) ప్రకాశం కావాలి, రాత్రి కొన్ని వందలు చాలు. తగ్గించే ఏర్పాటు లేకుండా బిగిస్తే పగటి వెలుగే రాత్రి పడకగది కిటికీల్లోకి పోతుంది. ఇంత జరిగేదాన్ని కూడా సమావేశాల్లో పగటిపూట గీసిన బొమ్మలతోనే సరిపెడతారు. రాత్రి బొమ్మ ఒకటి తప్పనిసరి చేయాలి.

ఇక కాలినడకన పోయేవారి సంగతి. డెన్మార్క్ వాస్తుశిల్పి యాన్ గేల్ చాలాకాలంగా చెబుతున్నది ఇదే: మామూలు నడకలో మనిషికి నాలుగైదు సెకన్లకొకసారి చూడటానికి కొత్తదేదైనా ఉండాలి, అంటే అయిదారు మీటర్లకొక దుకాణం. వంద మీటర్ల వీధిలో పదిహేను ఇరవై ద్వారాలుంటే ఆ వీధి బతికున్నట్టు. కొత్త భవనాల్లో జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. నలభై మీటర్ల ముఖభాగానికి ఒకే తలుపు, మిగిలినదంతా గాజు. గాజు ఎంత శాతం ఉండాలో నిబంధన ఉంటుంది కాబట్టి కాగితం మీద నెగ్గుతుంది. దుకాణం తెరిచిన వారానికే లోపల అల్మారాల వెనుక భాగాలు గాజుకు ఆనించి, వాటిని కప్పడానికి నేల నుంచి పైదాకా బొమ్మల ఫిల్ము అతికిస్తారు. గాజు కాస్తా గోడ అయిపోతుంది. ఆ ఫిల్ము కూడా బోర్డే. దాన్ని బోర్డు కొలతలో కలిపి లెక్కించాలి, లోపలికి చూపు పోవాలని నిబంధనలో స్పష్టంగా రాయాలి. మూడో అంతస్తు కిటికీల లయ కన్నా ఇది వెయ్యి రెట్లు ముఖ్యం. ఆడవాళ్లు చీకటి పడ్డాక ఏ వీధిలో నడవడానికి వెనుకాడతారో, ఏ వీధిలో నిశ్చింతగా నడుస్తారో గమనించండి. లోపలి నుంచి వెలుగూ మనుషులూ కనబడే వీధికీ, మూసిన గోడల వీధికీ తేడా అక్కడ తెలుస్తుంది.

సమీక్ష భారం చిన్న వ్యాపారి మీదే ఎక్కువ పడుతుందన్న విమర్శకు నా దగ్గర తేలికైన జవాబు లేదు, ఎందుకంటే అది నిజం. పెద్ద సంస్థకు వకీళ్లుంటారు, నాలాంటివారుంటారు. చిన్న దుకాణదారుకు ప్రతి వాయిదాకూ ఒక నెల ఖాళీ గదికి అద్దె పోతుంది. అందుకే నిబంధనకు లోబడిన బోర్డుకు సమావేశమే అక్కర్లేకుండా చేయాలి. నిర్దేశించిన పట్టీలో, నిర్దేశించిన కొలతలో పెడితే ఆ రోజే అనుమతి. మినహాయింపు కోరేవారే సంఘం ముందుకు రావాలి. అభ్యంతరం చెబితే ఏ నిబంధన కిందో రాసి ఇవ్వాలి. గడువులోగా జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క.

ఇంత కొలతల మధ్య మా కళ ఏమవుతుందని నా వృత్తిలోని వారు అడుగుతారు. చండీగఢ్ సెక్టార్ 17కు వెళ్లి చూడమంటాను. అక్కడి వాణిజ్య భవనాలకు కాంక్రీటు చట్రమూ ఎత్తూ వరండా వరసా ముందే నిర్ణయించారు. ఎండలో వానలో మనుషులు ఆ వరండాల కింద నడుస్తారు. ఆ చట్రం వెనక ఎవరి దుకాణం వారిది. పైఅంతస్తుల విషయంలో సంఘాలు మాకు స్వేచ్ఛ ఇవ్వాలనే నేనూ కోరేది. నేల దగ్గర పన్నెండడుగులు మాత్రం వీధికి వదిలేయాలి.

ఆఖరికి అన్నీ ఆగిపోయేది అమలు దగ్గర. క్యోటో పాత బోర్డులు మార్చుకోవడానికి 2014 దాకా ఏడేళ్ల సమయమిచ్చింది. గడువిచ్చింది, వెంటపడింది. చాలాచోట్ల అనుమతి ఇచ్చిన సంఘం మళ్లీ ఆ వీధి ముఖం చూడదు. భవనం తెరిచిన ఏడాదికి, ఆమోదించిన డ్రాయింగు చేతిలో పెట్టుకుని సభ్యులే ఆ కాలిబాట మీద నడవాలని నేను సంఘాలను కోరుతుంటాను. బోర్డు పట్టీలోనే ఉందా, గాజు మీద ఫిల్ము పడిందా, ఖాళీ చేసినవాడు బోల్టులు పీకి రంధ్రాలు పూడ్చాడా చూసి రావాలి. సిబ్బంది లేరు, సమయం లేదు అంటారు. పైకప్పు పట్టీ మందం మీద వాదించే ఆ గంటలు ఇటు మళ్లిస్తే కావలసినంత సమయం ఉంటుంది.